నల్ల అంచు ఫ్రేము

నరసన్నపేట,
ఆదివారం.

చెల్లి ఝాన్సీకి అన్నయ్య దీవెనలు. అమ్మా, మీ వదినా, నేనూ ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాం. ఖరగ్‌పూర్‌లో బావగారూ, చంటాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కంటి ఆపరేషన్ తర్వాత అమ్మకు చూపు బాగుంది. ఊడ్పులు మొదలయ్యాయి. ఇక, అమ్మ నీతో ఎందుకు మాట్లాడటం లేదనీ, వీడియో కాల్లో చూస్తే తమ్ముడి ఫోటో గోడమీద లేదేమనీ అడిగావు. ఆ సంగతి ఫోన్లో చెప్పలేకే ఇది రాస్తున్నాను.

మన ధర్మేంద్ర పని వెతుక్కుంటానని కొత్తవలసలో కిరండూల్ వెళ్ళే రైలెక్కి నాలుగేళ్ళయింది. పదో తరగతి పాసైన రోజున నా కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తీయించుకున్న ఫోటో గుర్తుంది కదా. పొద్దున్నే తల దువ్వుకుంటూ అమ్మ దానితో మాట్లాడేది. ఎక్కడున్నావనీ, తిన్నావా అనీ అడిగేది. ఈమధ్య గాలికి కిందపడి ఆ నీలం ప్లాస్టిక్ ఫ్రేము విరిగిపోయింది. కొత్తది కట్టించమని నన్ను పంపింది.

ఫ్రేములు కట్టే సోములు దగ్గరికి పాత ఫోటోలు తెచ్చేవాళ్ళంతా పోయినవాళ్ళవే తెస్తారు. "తేదీ ఏటి రాయమంటావు?" అన్నాడు. వాడు బతికే ఉన్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తేదీ వద్దన్నాను. నల్ల అంచున్న పెద్ద ఫ్రేము కట్టి, గంధపు దండ వేసి ఇచ్చాడు. దండ దారిలోనే తీసేశాను.

గోడకు తగిలిస్తే ఫోటో అదే, నవ్వూ అదే. పాత ఫ్రేములో వాడు సాయంత్రానికి ఇంటికొచ్చేసేవాడిలా ఉండేవాడు. ఆ నల్ల అంచు మధ్య వాడి నవ్వు చూడలేకపోయాను. అమ్మ మాత్రం చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఒరే పెద్దోడా, నీకేటో తెలుసు. సెప్పు" అంది.

చెప్పేశాను. నీకూ చెబుతున్నాను. పోయిన శ్రావణంలో, జేబులో నా ఫోన్ నంబరు దొరికిందని రైల్వే పోలీసులు పిలిస్తే వెళ్ళాను. పట్టాల పక్కన దొరికింది మన తమ్ముడేనమ్మా. చేతిమీద మన ముగ్గురి పేర్ల పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాను. అక్కడే దహనం చేయించి, అస్థికలు వంశధారలో కలిపాను. అదే వారం నీకు కాన్పయింది. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ నీ దగ్గరికి రావడానికి మూట కట్టుకుంటోంది. ఎలా చెప్పను? తర్వాత, తర్వాత అనుకుంటూ ఏడాది గడిపేశాను. అమ్మ ఫోటోను పలకరిస్తుంటే రోజూ పక్కగదిలో వింటూ కూర్చున్నాను.

అమ్మ నన్ను తిట్టలేదు. "కొరివి ఎట్టినప్పుడు నువ్వొక్కడివే ఉన్నావేటిరా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఫోటో దించి, కొంగులో చుట్టుకుని పడుకుంది. ఆ రోజునుంచి ఎవరితోనూ మాట లేదు.

శ్రావణంలో వాడి సంవత్సరీకం. ఈసారి నేనొక్కడినే చెయ్యలేను. నన్ను క్షమించలేకపోయినా రా, తల్లీ.

ఇట్లు,
నీ అన్నయ్య
తిరుమలరావు