పుస్తకంలో లేని పట్టీ

నంద్యాల,
8 సెప్టెంబరు 2024

మేనకోడలు ఫెబాకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకే చిన్న అక్షరాల వరుస లక్షలసార్లు తిరిగి తిరిగి వచ్చే శాటిలైట్ డీఎన్ఏ, ఆళ్లగడ్డ మిడతల క్రోమోజోముపై నల్లని పట్టీగా కనబడుతున్నదనీ, 1975లో విద్యార్థినిగా నేను గీసిన చిత్రాలలో అది లేదు గనుక ఈ యాభై ఏళ్లలోనే పుట్టిందనీ రాశావు. దీనితో నీ డాక్టరేటు ఖాయం. ఆ చిత్రాలకు ఆధారమైన పాత గాజు స్లైడ్లు అడిగావు. ఇల్లు మారినప్పుడు పగిలిపోయాయి. చిత్రాలు చాలు, ప్రచురించుకో.

నీవు కోరినట్లే, పట్టీ లేని నంద్యాల మిడతలకూ పట్టీ ఉన్న ఆళ్లగడ్డ మిడతలకూ పిల్లలు పుడతాయో లేదో చూడటానికి వాటిని సీసాలలో జత కలిపాను. పక్కపక్కన పెడితే నేనే పోల్చుకోలేను. వాటిని పట్టి తెచ్చిన మా కాలేజీ పాత అటెండరు శాంసన్ నవ్వాడు.

"ఏంది మేడం, మిడతలకు సంబంధాలు చూస్తాండారా? ఈ వయసులో పెండ్లిళ్ల పేరమ్మ అయితిరే!"

"నోరు మూసుకుని ఇసుక తడుపు" అన్నాను.

ఆ ఇసుకలోనే గుడ్లు పెట్టాయి.

నీ అత్త,
రూతు

నంద్యాల,
20 అక్టోబరు 2024

ఫెబా తల్లీ,

ఒకే ఊరి జతల గుడ్ల నుంచి పిల్లలు వచ్చాయి. రెండు ఊళ్లు కలిపిన జతల గుడ్లు ఒక్కటీ పగలలేదు. శాంసన్ సీసా చెవికి ఆనించుకుని, "లోపల యాదో గీకుతాండాది మేడం" అన్నాడు. మూడు దినాలు నేనూ విన్నాను. నాలుగోనాడు ఆగిపోయింది. గుడ్లను సూదితో చీల్చి చూస్తే లోపల చచ్చిన మిడతపిల్లలు. కాళ్లూ కళ్లూ అన్నీ అమరి, తలలు పైకెత్తి, అలాగే ఉన్నాయి.

దీనికీ నీవు ఆ యాభై ఏళ్ల లెక్కే కడతావని తోచి, అప్పుడు బీరువా తెరిచాను. స్లైడ్లు పగలలేదు. నీతో అబద్ధమాడాను. నాటి ఆళ్లగడ్డ స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే ఆ పట్టీ ఉంది. అంతే మందం, అంతే నలుపు. 1975లోనూ చూశాను. కానీ ప్రాక్టికల్ రికార్డులో కంటికి కనబడినది గీస్తే మార్కులు పోతాయి, పుస్తకంలోని బొమ్మే గీయాలి. మా చదువు అది. పుస్తకంలో పట్టీ లేదు. నేనూ గీయలేదు. బంగారు పతకం ఇచ్చారు. ముప్పై ఏళ్లు నా విద్యార్థులకూ అదే నేర్పాను.

అది ఎంత పాతదో నాకు తెలియదు. ఈ యాభై ఏళ్లలో పుట్టినది మాత్రం కాదు.

వ్యాసం ఆపు. డాక్టరేటు ఆలస్యమవుతుంది, నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. స్లైడ్లతో శాంసన్‌ను రేపు నీ దగ్గరికి హైదరాబాదు బస్సెక్కిస్తున్నాను. తిరిగి రాసేటప్పుడు జాలిపడి నా పేరు తొలగించవద్దు. ఎవరు చూసి కూడా గీయలేదో పూర్తి పేరుతో రాయి.

రూతు