సగం సినిమాకు పూర్తి తీర్పు

జూన్ 3, మంగళవారం

ఇక ఆవకాయ లేదు. మోకాళ్ళ నొప్పుల చిట్కాలు లేవు. నా న్యూస్‌లెటర్‌లో ఇకమీదట రెండే — పాత కావ్యం, కొత్త సినిమా. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పింది మెంతిపిండి కొలతలు రాయడానికా?

మేఘన — నేను రాసింది మెయిల్లో పెట్టి పంపే మనవరాలు, ఆ మాత్రానికే ఎడిటర్ననుకుంటుంది — "జనం పచ్చళ్ళ కోసమే చదువుతున్నరు నానమ్మా, జర ఆలోచించు" అంటుంది. ఆలోచించే చెప్పాను.

జూన్ 6

మాదాపూర్ ఆఫీసు నుంచి వచ్చి సినిమాకు తీసుకుపోయింది. కాళ్ళు కూడా చాపుకునే కుర్చీలు. దవాఖాన మంచం నయం. మొగుడి ఇల్లు వదిలి వచ్చేసిన పిల్ల కథ. ఇంటర్వెల్ దాకా బాగానే ఉంది. తర్వాత ఆఫీసు కాల్ అని మేఘన బయటికి... నాకు కన్నంటుకుంది. లైట్లు వేశాక లేచాను.

"ఆఖరికి ఏమైంది నానమ్మా?"

"మొగుడి దగ్గరికే పోయింది" అన్నాను. ఈ సినిమాల ముగింపులు నాకు తెలియనివా.

జూన్ 8

రాశాను. ఈసారికి తీసుకున్న పాత కావ్యంలో నాయిక మొగుడి మొహానే తలుపు వేసింది. సినిమాలో పిల్ల ఆ తలుపే తట్టి లోపలికి పోయింది. ఇన్ని వందల ఏళ్ళలో ముందుకొచ్చామా, వెనక్కి పోయామా? — అని ముగించాను. చురుక్కుమంటుంది. మేఘన పంపేసింది.

జూన్ 9

పదకొండు మంది చందా మానేశారు. ఉన్నవాళ్ళలో ఒకాయన: "అమ్మా, గోంగూర ఎప్పుడండీ?"

జూన్ 11

బోరబండ నుంచి స్వరూప మెయిల్. నా పాత విద్యార్థిని, ఇప్పుడు నర్సు.

"మేడం, సినిమా నేను గూడ చూసిన. ఆమె వాపస్ పోదు. మొగుడే ఆటో తీస్కొని వస్తడు, ఆమె గేటు కాడికెల్లే వాపస్ పంపిస్తది. మీరు ఆఖరిదాంక చూసిండ్రా? గైడు చూసి రాసిన్నని నాకు సున్నా ఏసిండ్రు, యాదికున్నదా? కోపంల అంటలేను. మీరు రాసిండ్రని ఆ కావ్యం తెచ్చుకున్న. డ్యూటీల నడుమ మొత్తం చదివిన."

యాదికి లేకేం. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కింద "పుస్తకం తెరిచావా?" అని రాశాను. గొప్ప వాక్యమనుకున్నాను అప్పట్లో.

జూన్ 12

మేఘన: "నాకు నువ్వే చెప్తివి కదా గట్ల అయిందని! గిప్పుడు ఏంది గంత ఫికర్? వెబ్‌సైట్‌ల ఆ లైను మార్చేస్త. ఎవ్వలకు తెల్వది."

"స్వరూపకు తెలుసు."

"ఆమె ఒక్కతే గదా."

పుస్తకం తెచ్చుకుని మొత్తం చదివింది కూడా ఆమె ఒక్కతే.

జూన్ 13

సవరణ. మొదటి వాక్యం — "నేను నిద్రపోయాను." కొట్టేశాను. "వయసు రీత్యా..." ఛీ. అదీ కొట్టేశాను. ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని రాయడానికి ఎన్నడూ ఇంత తంటా పడలేదు.

జూన్ 14

ఫోన్ చేశాను స్వరూపకు. "అయ్యో మేడం, మీరా!" అని ఒకటే కంగారు, తప్పు తనదైనట్టు. సినిమా ఇంకా నానక్‌రామ్‌గూడలో ఆడుతోందట, ఒక్క పొద్దుటి ఆట.

"రేపు నైట్ డ్యూటీ దిగి అటే వస్త. మీ పక్కకే కూసుంట."

"ఎందుకు, ముసలిదానికి తోడా?"

"కాదు మేడం. ఇన్విజిలేటర్."

నాకు నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

జూన్ 15, ఆదివారం

క్యాబ్ ఏడు నిమిషాలట. ఇరవై నిమిషాలుగా అదే ఏడు. ఫ్లాస్కులో కాఫీ, చిక్కగా. సవరణ మేఘన దగ్గరుంది: "సగం సినిమాకు పూర్తి తీర్పు చెప్పాను. మిగతా సగం..." అక్కడే ఆగింది.

"పంపాల్నా నానమ్మా?"

"చూసొచ్చాక."

చూశాక కూడా నచ్చకపోతే? అదీ రాయాలి. అప్పుడు నమ్మేదెవరు...

స్వరూప ఫోన్ — హాలు ముందే నిలబడిందట. రాత్రంతా మేలుకున్న మనిషి, నేను నిద్రపోకుండా కాపలా.

క్యాబ్ ఇంకా ఏడు నిమిషాలే.