మూడిళ్ల వంతు

జూన్ 17, 1957

బడి తెరిచారు. చిట్టిని లోపల ఉంచి, బయట గడియ పెట్టి వచ్చాను. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ గడియతో పని పడలేదు. చెల్లెలికి ఇరవై దాటాయి. బుద్ధి మాత్రం నాలుగేళ్ల పిల్లదే. నేను మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూనే ఉంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

జూన్ 20

మధ్యాహ్నం వచ్చేసరికి అన్నం గిన్నె బోర్లా... ఒంటి నిండా మెతుకులు. తిట్టాను. నవ్వింది.

జూన్ 24

బడికి రాని పిల్లను పిలుచుకు రావడానికి నేతవాళ్ల వీధికి వెళ్లాను. ఆ పిల్ల పక్కింట్లో మగ్గం గుంజకు ఒక తాడు. రెండో కొస ఓబులేసు నడుముకు. మీసాలొచ్చిన వాడు. మాట రాదు, లోకం తెలియదు. నేను తాడు వైపు చూడడం వాళ్లమ్మ నరసమ్మ చూసింది. "ఇడ్సిపెడితే పెన్నేటి కాడికి పోతాడు తల్లీ. నేను మగ్గం గుంతలో దిగినాక వాన్ని సూసేదెవరు?"

ఏ మొహంతో ఏమంటాను? మా ఇంటి గడియ సంగతి చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పింది కాదు. నరసమ్మ చేతిలో నూలు పక్కన పెట్టి, "నీకూనా?" అంది. అంతే.

జూన్ 30

నరసమ్మే వెతుక్కుంటూ వచ్చింది. వెంట వాళ్ల వెనకింటి బీబమ్మ. ఆమె మనవరాలు మస్తానీ కూడా మన చిట్టిలాంటిదేనట. నాకు ఈ రోజే తెలిసింది, ఒకే ఊళ్లో ఉండి!

"ఒగరి పిల్లోల్లను ఒగరు సూసుకుందాం టీచరమ్మా. ఒగ పొద్దు నా కాడ, ఒగ పొద్దు బీబమ్మ కాడ. నీకు బడి లేని పొద్దు ముగ్గురూ నీ కాడ."

సరేనన్నాను. భయంగానే.

జూలై 3

చిట్టిని మొదటిసారి నరసమ్మ ఇంట్లో దింపాను. ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. గంట కొట్టగానే పరుగు. చిట్టి మస్తానీ ఒళ్లో తల పెట్టి నిద్రపోతోంది. ఓబులేసు చెంప మీద గోటి గీతలు... మనదాని పనే. నొచ్చుకోబోతే నరసమ్మ నవ్వింది. "పో తల్లీ, వాడేమన్నా తక్కువోడా? దాని జడ పీకినాడు."

జూలై 14, ఆదివారం

నా వంతు. శనక్కాయలు ముందు పోసి కూర్చోబెట్టాను. చిట్టి వలిచింది, ఓబులేసు తిన్నాడు, మస్తానీ పొట్టు ఎగరేసింది. ఇల్లంతా పొట్టే. నడుం విరిగింది. అయినా అమ్మ పోయాక ఈ ఇంట్లో ఇంత సందడి లేదు.

ఆగస్టు 2

హెడ్మాస్టరు పిలిచి — "ఎందుకమ్మా ఈ తిరునాళ్ల? ఇంట్లో గుట్టుగా ఉంచుకోక."

"ఇన్నాళ్లూ గుట్టుగానే ఉంచాను సార్" అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు ఆయన.

ఆగస్టు 19

గుంజకు తాడు లేదు. ఓబులేసు తన తండ్రి పక్కన కూర్చుని నూలు కండెలు అందిస్తున్నాడు. ఎర్రది అడిగితే పచ్చది ఇచ్చాడు. "తప్పో ఒప్పో, అడిగితే ఇస్తాండాడు సూడు టీచరమ్మా" — ఆ తండ్రి మొహం ఎంత వెలిగిందో.

సెప్టెంబరు 9

చిట్టి తనే తలకు నూనె రాసుకుని, నాకంటే ముందు గడప దగ్గర నిలబడింది.

సెప్టెంబరు 23

బదిలీ. వేంపల్లె. నెలాఖరుకు చేరాలి.

సెప్టెంబరు 25

నరసమ్మకు చెప్పాను. రాట్నం ఆపి నా వైపు తిరిగింది. "పిల్లను ఈడనే ఇడ్సిపో. మాతో పాటే ఇంత తింటాది. నువ్వు సెలవులకొచ్చి సూసుకో."

అక్కడే ఉన్న బీబమ్మ మెల్లగా అడిగింది. "వేంపల్లెలో మీకెవరుండారమ్మా? మళ్లా గడియేసేదేనా?"

చిట్టిని ఎవరైనా కొన్నాళ్లు చూసుకుంటే చాలని ఎన్నిసార్లు అనుకోలేదు! తీరా చూసుకుంటామంటే... నా చేతులే వదలడం లేదు.

సెప్టెంబరు 27

బదిలీ ఆగదట. ఉద్యోగం మానేద్దామా అనిపించింది. మానేస్తే ఇద్దరం తినేదేమిటి?

సెప్టెంబరు 28

అన్నం కలిపి పెడుతూ అడిగాను. నేను వేంపల్లె పోతున్నా, నాతో వస్తావా, నరసమ్మ దగ్గర ఉంటావా అని. చిట్టి ముద్ద నింపాదిగా నమిలి మింగింది. మళ్లీ అడిగితే, బడికి పొమ్మన్నట్టే చెప్పింది —

"నువ్వు పో అక్కా. మాయిటాలకు వచ్చెయ్."

సాయంకాలానికి రాలేనంత దూరమని దానికెలా చెప్పేది?

సెప్టెంబరు 29

రేపు పొద్దున్నే బస్సు. నా పెట్టె సర్దాను. దాని బట్టలు దండెం మీద ఎప్పుడో ఆరాయి. నా పెట్టెలోకా, నరసమ్మ ఇంటికా... ఇంకా తీయలేదు.