రెండు రేకుల కవాటం

హైదరాబాద్
9 జులై 2006

నాయనకు,

తాహెరా సలాం. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "అవ్, అవ్" అని పెట్టేస్తావు.

నా బిడ్డ గుండె జబ్బుల మీద పరిశోధన చేస్తోందని కాలనీ గేటు దగ్గర అందరికీ చెప్పుకుంటావు. ఏ జబ్బో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. గుండె నుంచి నెత్తురు బయటికి వెళ్ళే చోట ఒక కవాటం ఉంటుంది. దానికి మూడు రేకులుండాలి. కొందరికి పుట్టుకతోనే రెండే ఉంటాయి. కొన్ని ఇళ్ళలో అది తరతరాలుగా వస్తుంది. ఏ జీన్‌లో తప్పుంటే అలా వస్తుందో వెతకడమే మా పని. మొదటిరోజు క్లాసులో ఆ జబ్బు లక్షణాలు చెబుతుంటే నాకు అమ్మే కళ్ళ ముందు మెదిలింది. దూది ఏకుతూ ఏకుతూ ఆగి, గోడకు ఆనుకుని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకునేది.

అమ్మ పోయిన రోజు నాకు పదమూడేళ్ళు. నాగుల్ మీరా మామ ఏన్కూరు నుంచి వచ్చి, జనాజా లేవకముందే నీ చొక్కా పట్టుకున్నాడు. "మా అక్కతోని దూది ఏకిచ్చి ఏకిచ్చి సంపినవ్ గదా బావా! నుసంతా రొమ్ముల పేరుకున్నది" అన్నాడు. నువ్వు ఒక్క మాట అనలేదు. మూడో నెలకల్లా పరుపుల పని మానేసి వాచ్‌మన్‌గా చేరావు. తప్పు ఒప్పుకున్నావనే అందరూ అనుకున్నారు. నాయనా, నేనూ అనుకున్నాను. పన్నెండేళ్ళు నీ చేతి అన్నం తింటూనే అనుకున్నాను. ఎవరికీ చెప్పని మాట ఇది.

కానీ అమ్మమ్మ ముప్పై ఎనిమిదేళ్ళకే పోయింది. పెద్దమామ పొలం దున్నుతూ పడిపోయి ప్రాణం వదిలాడు. వాళ్ళు ఎన్నడూ దూది ముట్టలేదు. మామ ఇంటివాళ్ళ నెత్తురు పరీక్షిస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. ఆ గడప తొక్కొద్దని నువ్వన్నావు. వచ్చే వారం తొక్కుతున్నాను.

నీ తాహెరా

*

హైదరాబాద్
17 డిసెంబర్ 2006

నాయనా,

ఐదు నెలలైనా నువ్వు జవాబు రాయలేదు. ఏన్కూరు సంగతి నువ్వే అడుగుతావని చూశాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను.

మామ నన్ను వాకిట్లోనే నిలబెట్టాడు.

"మీ నాయన వంపిండా?"

"ఆయన వద్దన్నడు మామా. నేనే వచ్చిన."

"మా నెత్తురు నీకెందుకు? మా తిప్పలేందో మేం పడుతున్నం."

అప్పుడే ఆయన కూతురు సాదియా నీళ్ళ బిందెతో వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. బిందె దించి, మాట్లాడలేక అరుగు మీద కూలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. అత్త నా ముఖం చూసి, "రెండేండ్ల సంది గిట్లనే ఉంటది" అంది.

మర్నాడు మా డాక్టరు స్కానింగ్ మిషన్‌తో అక్కడి బడికి వచ్చారు. ముందుకొచ్చే మనిషి లేడు. నేనే మొదట పడుకుని, సాదియాను తీసుకొచ్చిన మామను పిలిచాను. ఇక్కడ నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఏడాదిగా దాచాను. నాకూ రెండే రేకులు.

మామ తెర మీదికి వంగి, "గిదేంది బిడ్డా?" అన్నాడు.

"అమ్మకున్నదే నాకొచ్చింది. నేను ఎన్నడన్న దూది ఏకిన్నా మామా?"

ఆయన చొక్కా గుండీలు విప్పి పక్క బల్ల మీద పడుకున్నాడు. ఆయనకూ అంతే. సాదియా కవాటం మాత్రం గట్టిపడి మూసుకుపోతోంది. పోయిన నెల ఇక్కడే ఆపరేషన్ అయింది. లేచి తిరుగుతోంది.

ఇంతా చేసి నాకు మనశ్శాంతి లేదు. పోయినేడాది విదేశాల్లో ఒక జీన్ బయటపెట్టారు. ఆ రోజు మామ వాళ్ళిచ్చిన నెత్తురులో, నా నెత్తురులో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. తప్పేమీ లేదు. మళ్ళీ చదివాను. లేదు. "ఇంకో జీన్‌లో ఉండొచ్చు, ఏళ్ళు పడుతుంది" అంటున్నారు మా గైడ్ మేడమ్. పడుకుంటే అవే అక్షరాలు కళ్ళలో తిరుగుతున్నాయి. ఇదిగో, తప్పు ఇక్కడుంది అని వేలు పెట్టి చూపించే కాగితం నీ చేతికివ్వాలనుకున్నాను. నా దగ్గర అది లేదు. నన్ను క్షమించు.

తాహెరా

*

పాల్వంచ
26 డిసెంబర్ 2006

నా తల్లి తాహెరాకు దీవెనలు.

నీ మొదటి ఉత్తరం అందినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. అందుకే రాయలేదు.

మీ అమ్మది గుండె జబ్బని నాకు తెలుసు. వరంగల్ దవాఖానాలో డాక్టరు చెప్పాడు. పుట్టుకతో వచ్చిందన్నాడు, పిల్లలకూ రావచ్చన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నీ మీద ఒట్టు వేయించుకుంది. "ఎవ్వలకు చెప్పకు. మా తమ్మునికి గూడ చెప్పకు. బయటవడితే బిడ్డకు సంబంధాలు రావు. దూది నుసి అని చెప్పు" అంది. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. దానికి పన్నెండు రోజుల ముందే పోయింది. మామ నా చొక్కా పట్టుకున్నప్పుడు నిజం నోటిదాకా వచ్చింది. నువ్వు ఎదురుగా నిలబడి ఉన్నావు. మింగేశాను. ఇక ఆ దూది గదిలో ఒక్కణ్ణీ కూర్చోలేక పని మానేశాను.

ఒట్టు నిలబెట్టుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిన్ను ఒక్కసారి కూడా డాక్టరుకు చూపించలేదు, ఏం చెబుతాడోనని. నేను నోరు మూసుకున్నన్నాళ్ళూ సాదియా లోపల అది ముదురుతూనే ఉంది. నీ ఉత్తరం చదివాక నిలవలేక నిన్న ఏన్కూరు వెళ్ళి మామకు అంతా చెప్పాను. "గప్పుడే జెప్తే నా బిడ్డ పానం మీదికి వచ్చేదా బావా?" అన్నాడు. వెనకటి నింద అబద్ధం కాబట్టి మోయగలిగాను. ఇది నిజం. ఆయన ముందే ఏడ్చాను. అన్నం తిని వెళ్ళమన్నాడు. తిన్నాను.

ఏ జీన్‌లో తప్పుందో నువ్వు నిదానంగా వెతుక్కో. ముందు నీ గుండె ఎట్లా ఉందో, మళ్ళీ స్కానింగ్ ఎప్పుడో చెప్పు. ఇక్కడ గేటు దగ్గర ఈ పొద్దు అందరికీ చెప్పేశాను, నా బిడ్డకూ ఆ జబ్బే ఉంది, చూపించుకుంటోంది అని. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. నా నెత్తురు కూడా పనికొస్తే తీసుకో. పనికిరాకపోతే నీ పక్కన కూర్చుంటాను.

నీ నాయన
దస్తగిరి