కొలత దారం

ఫిబ్రవరి 2, సాయంత్రం
ఈసారి పూజ వలయంలో ఇద్దరమే. నేను, లెస్లీ. లెస్లీ నా మొగుడు కాదు, మంత్రాలకు జోడీ. మొగుడు ఎప్పుడో పారిపోయాడు. ఒకప్పుడు ఇదే ముందుగదిలో పదముగ్గురం భుజాలు రాసుకుంటూ నిలబడేవాళ్లం. నాలుగు దిక్కులకూ మొక్కేసరికి లెస్లీ ఆయాసంతో సోఫాలో కూలబడ్డాడు. ఇక దేవతల్నే ఇటు రమ్మను, నా మోకాళ్లు రామంటున్నాయి అన్నాడు. నవ్వాను. మేం పోతే మా మంత్రగత్తెల మతానికి, మా విక్కాకి దిక్కెవరు?

ఫిబ్రవరి 9
కూతురు మెరియల్ ఫోన్ చేసింది. దీక్ష కావాలట! ఎగిరి గంతేయాల్సింది పోయి, ఏడాది మీద ఒక రోజు ఆగాలి, ఎవరికైనా అదే రూలు అన్నాను. నీ కడుపున పుట్టి నలభై ఏళ్లయింది, ఆ ఆగింది చాలదా అమ్మా అంది. చాలదన్నాను.

మే 1
లెస్లీ హాస్పిటల్లో ఉన్నాడు. మాలో ఆడవాళ్లకి మగవాడు, మగవాళ్లకి ఆడది దీక్ష ఇవ్వాలి. పిల్లని తీసుకురా, మంచం పక్కనే ఇచ్చేస్తానని బతిమాలాడు. ఏడాది నిండలేదుగా అన్నాను. ఏం మొండిదానివే మావిస్, ఆ రూల్స్ మనం కూర్చుని రాసుకున్నవే, టైప్‌రైటర్ కూడా నాదే అన్నాడు. పాతవాటినే మళ్లీ టైపు చేశాం అని నేను. చచ్చేవాడితో కూడా వాదనే.

మే 19
లెస్లీ పోయాడు.

ఆగస్టు 1
మగదిక్కు లేకపోతే ఒక్క దారే మిగులుతుంది. తల్లి కూతురికి ఇవ్వొచ్చు. ఆ వెసులుబాటు మొదటినుంచీ ఉంది. నేనే వాడుకోలేదు.

దారం, కత్తెర సంచిలో వేసుకుని సౌతాంప్టన్ బస్సెక్కాను. దీక్ష రోజున మనిషిని తల నుంచి మడమ దాకా దారంతో కొలిచి, ఆ ముక్క దాచడం మా పద్ధతి. గుమ్మంలోనే చెప్పేశాను, ఆగక్కర్లేదు, ఇవాళే ఇస్తానని. మెరియల్ టీ పెట్టింది. తర్వాత, నాకయిపోయిందమ్మా అంది. జూన్‌లోనట. బ్రెడ్ డబ్బాకి ఫోన్ ఆనించి, స్క్రీన్‌లో ఏయే దేశాలవాళ్లో చూస్తుండగా. కళ్లకు గంతలు లేవు, జోడీ లేదు. ఎవరిచ్చారే అంటే, నాకు నేనే అంది.

అదీ ఒక దీక్షేనా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. దాని మొహం ఎంత వెలిగిపోతోందో! ఆ వెలుగు నా చేతుల మీదుగా రావాల్సింది. బస్సులో ఏడ్చాను. ఎదుటి సీటావిడ టిష్యూ ఇచ్చింది.

అక్టోబర్ 31
మెరియల్ వంటింట్లో, దాని దగ్గర దీక్షకొచ్చిన కొత్తవాళ్ల వరసలో నిలబడ్డాను. మాకు కొలతలేం ఉండవమ్మా అంది. నా కోసం కొలవవే అన్నాను. కొలిచింది. నలభై మూడేళ్ల కిందట నా దీక్షకి లెస్లీ నన్ను కొలిచిన దారం పక్కన పెట్టింది.

బెత్తెడు తక్కువొచ్చాను.