తుప్పు పోయిన కత్తి

మంగళవారం రాత్రి

భయంతో నిద్ర రావడం లేదు. చనిపోయిన తన భర్త దాచుకున్న పాత జపాన్ కత్తిని ఎక్కడ అమ్మితే మంచిదో కనుక్కోమని పక్కింటి లిండా ఆంటీ నాకు అప్పగించింది. అది మంచి ధరకు పోతేనే ఆవిడ కూతురి ఊరికి మారగలదు. పాత వస్తువుల దుకాణం కంటే వేలం సంస్థే నయమనుకుని, పిడి ఊడదీసి ఫొటోలు పంపాను.

ఇవాళ కాలేజీలో ఉండగా జవాబు వచ్చింది. పిడి లోపల దాగే ఇనుము మీది తుప్పును ముట్టుకోవద్దట, కత్తి వయసుకు అదే సాక్ష్యమట, అది పోతే ధర పడిపోతుందట. తుప్పు సాక్ష్యం చెప్పడం! ఆ మాటనే తలుచుకుంటూ ఇంటికి వచ్చాను.

అమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "రేపు ఆయుధ పూజ కదే! నీ కార్‌కి నిమ్మకాయలు తెచ్చా. ఆ కత్తిని కూడా చింతపండుతో తోమేశా, చూడు ఎంత నీట్‌గా ఉందో!"

తుప్పు ఉన్నచోట ఇనుము కొత్త గరిటెలా మెరుస్తోంది.

దుకాణంవాడైతే పిడి విప్పి చూడకపోవచ్చు. అక్కడే అమ్మేద్దామంటే ఆంటీ నన్ను నమ్ముతుంది. ఆ నమ్మకమే నన్ను భయపెడుతోంది. పిడి తొడిగాను, తీశాను, మళ్లీ తొడిగాను. చివరికి తీసేసి, కత్తినీ పిడినీ బల్ల మీద విడివిడిగా పెట్టాను.

పొద్దున్నే ఆంటీ కాఫీకి వస్తుంది.