గుచ్చుకున్నదీ, కుట్టిందీ

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. జమ్మలమడుగులో మనింట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం.

మొన్న ప్రొద్దుటూరులో, నేను జంతుశాస్త్రం చెప్పే కాలేజీలో, ఒక సముద్రపు చేప విషం పనిచేసే తీరు పిల్లలకు బొమ్మలో చూపించాను. అందులో రెండు రకాల ప్రోటీన్లు జత కడతాయి. అలాంటి జతలు చాలా కలిసి కణం పొర మీద గాజులా గుండ్రంగా చేరి, దానికి చిల్లు పెడతాయి. ఆ చిల్లులోంచి నీళ్లు దూరి కణం పగిలిపోతుంది. మన డ్యాంలో దొరికే జెల్ల చేప విషానికి మాత్రం అలాంటి బొమ్మ ఎంత వెతికినా నాకు దొరకలేదు. అది గుచ్చుకునేది నీలాంటి వాళ్లకే కదా, ఎవరికి పట్టింది!

బజారులో కూలికి జెల్లలు కోసి, వాచిన చేత్తో నువ్వు ఇంటికొస్తే, "ముల్లు గుచ్చుకుంటే తేలు కుట్టినట్టు ఏడుస్తాండావేందే?" అనేవాడు నాన్న. ఆ చేత్తోనే నువ్వు సంగటి కెలికేదానివి.

ఈరోజు వచ్చినవాళ్లకు పులుసు పెట్టాలని నాన్నే జెల్లలు శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. ఒకదాని ముల్లు బొటనవేలిలో దిగింది.

"సచ్చిపోతాండా! జెల్ల కుట్టింది! ఉడుకునీళ్లు తీసుకరాండి!"

వీధంతా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందప్పా, తేలా?" అన్నారు పాస్టరుగారు.

"తేలు దీని ముందర యాడికొస్తాది అయ్యగారూ, ఇది శానా ఘోరం!"

నీళ్లు కాచి ఇచ్చింది నేనే. వేడికి ఆ విషం విరుగుతుంది. నీకు ఈ ఇంట్లో ఎవరూ కాచలేదు.

అదే చేప, అదే ముల్లు. నీకు అన్నేళ్లూ గుచ్చుకుంది. ఆయన్ని మొదటిసారికే కుట్టింది.